వెంట్ ఎవరి బిడ్డ?

‘ప్లే’కి ‘ప్లేడ్’, ‘వాష్’కి ‘వాష్డ్’ అయినప్పుడు ‘గో’కి ‘వెంట్’ ఎలా అయింది సార్? ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్ళకు ఏటా తప్పని ప్రశ్న ఇది. అదంతే, బట్టీ పట్టండి అని తప్పించుకోవచ్చు. నేను మాత్రం బోర్డు మీద ఇంకో వరస రాస్తాను: సెండ్–సెంట్, బెండ్–బెంట్, లెండ్–లెంట్, స్పెండ్–స్పెంట్. కింద ఖాళీ వదిలి, దాని పక్కన వెంట్ అని రాస్తాను. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు ‘వెండ్’ అంటారు, అదేదో తప్పుమాట అయినట్టు సందేహిస్తూ.

తప్పుమాట కాదు. వెండ్ అనే క్రియ నిజంగానే ఉంది. పాత ఇంగ్లీషులో దాని అర్థం తిప్పడం. మెలితిరగడమనే అర్థమున్న ‘వైండ్’కి అది ప్రేరణార్థకం. తిప్పడం కాస్తా తనను తాను తిప్పుకోవడమై, చివరికి వెళ్ళడం అయింది. తెలుగువాడికి ఇందులో వింతేమీ లేదు. చక్రమూ తిరుగుతుంది, పనిలేనివాడు ఊరంతా తిరుగుతాడు.

ఇక గో సంగతి. పాత ఇంగ్లీషులోనే దానికి సొంత భూతకాలం లేదు. ‘ఏఓడె’ అనే రూపంతో నెట్టుకొచ్చింది, అదీ వేరే ధాతువుదే. అది క్రమంగా వాడుక తప్పి, 15వ శతాబ్ది నాటికి దక్షిణ ఇంగ్లండులో వెంట్ ఇల్లరికం వచ్చి స్థిరపడింది. కన్నవాళ్ళకు కాకుండా పోయింది. పాపం వెండ్, తనకోసం ‘వెండెడ్’ అని కొత్త రూపం చేసుకుంది. ఇప్పుడది ‘వే’ అనే మాట తోడు లేకుండా దాదాపు బయటికే రాదు.

స్కాట్లండ్ వాళ్ళు ఈ పేచీ లేకుండా ‘గేడ్’ అని శుభ్రంగా కట్టుకున్నారు. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్న పిల్లలూ ఒక దశలో అప్పుడప్పుడు ‘గోడ్’ అంటారు. వ్యాకరణం వంటబట్టిందనడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి? అయినా పెద్దవాళ్ళ నోట వెంట్ రోజూ వినబడుతుంటే గోడ్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? అరుదైన క్రియలే సూత్రానికి తొందరగా లొంగుతాయి. రోజూ నోట్లో నానేవాటికి ఆ అవసరం రాదు.

మన దగ్గరా ఇలాంటిది ఉంది కదా, ‘రా’ అని పిలుస్తాం, ‘వచ్చాడు’ అంటాం, అని ఒక తెలివైన అమ్మాయి అడిగింది. పైకి చూస్తే అచ్చం గో–వెంట్ జతే. లోపల వ్యవహారం వేరు. ‘తెలుగు వర్బల్ బేసెస్’ (1961) రాసిన భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారు చూపిందేమిటంటే ఆ రెండూ ఒక్క మూలానివే. ‘వర్’ లోని అచ్చూ రేఫా వర్ణవ్యత్యయంతో చోటు మార్చుకుని ‘వ్రా’ అయ్యాయి. ముందున్న వకారం రాలిపోతే మిగిలింది రా. నమ్మకం కుదరకపోతే తమిళం వినండి: రా అనడానికి ‘వా’, వచ్చాడు అనడానికి ‘వందాన్’, వస్తాడు అనడానికి ‘వరువాన్’.