ముందు ఉస్తాద్‌ను చూసుకోండి

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ముంబై హైవే రొద వినీ వినపడనంత లోపలికి వెళ్తే ఒక రేకుల షెడ్డు వస్తుంది. ఆ పొద్దున అక్కడ ఒక ఎంజీఏ కారు బానెట్ ఎత్తి ఉంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది. మా ఉస్తాద్ రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను మొదటి కార్బురేటర్ నోటి దగ్గర పట్టుకున్నారు. గాలి బుస విన్నారు. రెండో కార్బురేటర్ దగ్గరికి జరిపి మళ్లీ విన్నారు. స్క్రూ వెంట్రుకవాసి తిప్పారు. మళ్లీ మొదటిది. పావుగంట ఇదే పని. "ముక్కులు రెండు సార్, దమ్ము ఒక్కటే ఉండాలె" అన్నారు తల ఎత్తకుండానే.

గాలి కుదిరాక పెట్రోలు వంతు. ఎస్‌యూ కార్బురేటర్ అడుగున చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని వేలితో పైకి నొక్కితే లోపలి పిస్టన్ కొద్దిగా లేస్తుంది. అప్పుడు ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. చతికిలబడితే తక్కువైనట్టు. ఒక్క క్షణం పుంజుకుని మళ్లీ దారికొస్తే సరిగ్గా ఉన్నట్టు. కింద ఆరు పలకల నట్టు ఉంటుంది, దాన్ని ఒక్కోసారి ఒక్క పలకే తిప్పాలి. ఉస్తాద్ చివరి పలక తిప్పి చెయ్యి తీసేసరికి ఇంజిన్ చప్పుడు మారిపోయింది. అంతదాకా నాలుగు సిలిండర్లు నాలుగు మాటలు మాట్లాడుతున్నట్టున్నది ఒక్క గొంతయింది. ఆ చప్పుడు వినడానికి నేను లింగంపల్లి నుంచి ఎన్ని ఆదివారాలు అక్కడికి వెళ్లానో లెక్క లేదు.

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనాలనుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అని కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను ఎదురు అడిగేది ఒక్కటే: ఉస్తాద్ దొరికాడా? కారు డబ్బుంటే దొరుకుతుంది. దాన్ని విప్పి మళ్లీ బిగించగల చెయ్యి లేకపోతే అది గరాజులో గుడ్డ కప్పుకుని కూర్చునే ఇనుమే.

ఈ కార్లు మన వైపు ఎలా వచ్చాయన్నదానికి తలో కథ ఉంది. దొరలు ఓడెక్కేముందు అమ్ముకున్నారంటారు, జమీందారుల పిల్లలు మోజుపడి తెప్పించుకున్నారంటారు. అదంతా అటుంచితే, కొనేవాడు తెలుసుకోవాల్సింది ఏ కారుకు ఇక్కడ చుట్టాలున్నారన్నది. నా ఓటు ఎంజీఏకే. 1955లో లె మాన్ పందెంలో మూడు నమూనా కార్లను దింపితే రెండు చివరిదాకా నిలిచాయి. అదే ఏడాది కారు అమ్మకానికి వచ్చింది. సిడ్ ఎనెవర్ గీసిన ఆ ఒంపు ముందు బానెట్ నుంచి వెనక డిక్కీ దాకా ఎక్కడా తెగదు. 1962 వరకూ ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో లక్షకు పైగా తయారయ్యాయి. మొదటి ఎంజీఏ ఇంజిన్ 1,489 సీసీ. ఈ అంకె మన పాత టాక్సీ డ్రైవర్లను అడిగినా చెప్తారు, ఎందుకంటే అంబాసిడర్‌దీ అదే. రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బి-సిరీస్ ఇంజిన్ల కుటుంబమే. మన ముఖ్యమంత్రులూ కలెక్టర్లూ ఎక్కిన బండి ఇంజిన్‌కూ ఆ పందెపు కారు ఇంజిన్‌కూ బోరు ఒకటే, స్ట్రోకు ఒకటే. అందుకే ఇక్కడి బోరింగ్ షాపులో ఆ బ్లాకును చూసి ఎవరూ బెదరరు. దాన్ని చిన్నప్పటి నుంచి ఎరిగున్నవాళ్లే అంతా.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కూ ఇక్కడ చుట్టరికం ఉంది. దాని ఛాసిస్ ట్రయంఫ్ వాళ్లదే అయిన హెరాల్డ్ కారు నుంచి పుట్టింది. ఆ హెరాల్డ్‌ను మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు చేశారు. హెరాల్డ్ ముందు చక్రాల దగ్గరి నిలువు దిమ్మ ఎంత మంచిదంటే, తేలికదనం కోసం ప్రాణమిచ్చే లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ కూడా దాన్నే తెచ్చి లోటస్ ఎలాన్‌కు పెట్టుకున్నాడు. జాగ్వార్ ఎక్స్‌కే 120 అందాన్ని నేను కాదనను. అయితే ఆ 3,442 సీసీ ఇంజిన్‌కు మన దగ్గర చుట్టం లేదు. ప్రతి చిన్న సామానూ సముద్రం దాటి రావాలి. మొదటి కారుగా దాన్ని కొనమని ఎవరికీ చెప్పను.

చూసేటప్పుడు మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకోండి. ఎక్కడ అంటకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉందని లెక్క. ఎంజీఏ దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. దాని బానెట్, డిక్కీ మూత, తలుపుల పైరేకు అల్యూమినియం. అక్కడ అయస్కాంతం అంటకూడదు. అంటిందంటే ఎవరో ఇనుప రేకు కొట్టి పెట్టారన్నమాట. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు కూర్చునే అరలను చేత్తో తడమండి, యాసిడ్ కారి ముందు తినేసేది అక్కడే. చువ్వల చక్రాలైతే జాకీ ఎత్తి, ఒకరిని బ్రేకు తొక్కమని, చక్రం ముందుకూ వెనక్కూ కదపండి. టక్కుమన్నదంటే హబ్ పళ్లు అరిగినట్టే.

ఎంజీ టీసీ చూస్తుంటే అసలు పరీక్ష తలుపు దగ్గరే. దాని బాడీ రేకు కింద చెక్క చట్రం ఉంటుంది. తలుపు తెరిచి కొంచెం పైకెత్తండి. తలుపుతో పాటు స్తంభం కదిలితే లోపల చెక్క పుచ్చినట్టే. వాళ్లు ఆష్ కలప వాడారు, మన వడ్రంగులు టేకుతో కడతారు. ఇక టీసీ ఇంజిన్ బోల్టుల తలలు విట్‌వర్త్ పానాకు పడతాయి, మరలు మాత్రం మెట్రిక్. ఇది తెలియక బలవంతంగా వేరే బోల్టు ఎక్కించి బ్లాకు మరలు చెడగొట్టిన మెకానిక్కులు ఎంతమందో. మా ఉస్తాద్ బోల్టును రెండు వేళ్లతో ఒక చుట్టు ఎక్కించి, "ఇది దీనిది కాదు" అని పక్కన పెట్టేస్తారు.

ఆయన చేసిన పనుల్లో నన్ను నిలువునా కట్టిపడేసింది చక్రం మధ్య రెండు చెవుల నట్టు. కారు కుడివైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, నడిచేటప్పుడు ఊడిపోకుండా. ఒక టీసీకి కుడివైపు నట్టు పోయింది. ఆయన కొయ్యతో నమూనా చెక్కించి, బొల్లారంలో పోత పోయించి, లేత్ మీద పెట్టారు. ఎడమ మర కోయాలంటే టూలు చక్ దగ్గర మొదలై బయటికి నడవాలి. ఒక్క కోతకు రెండు, మూడు థౌ మాత్రమే తీస్తూ మధ్యాహ్నమంతా నిలబడ్డారు. సాయంత్రం ఆ నట్టు హబ్ మీద ఒక వేలితో తిరిగింది. ఆగాల్సిన చోట ఆగింది.

ఆ చేతులు ఊరికే రాలేదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్ రోటర్లు తిప్పినవాళ్ల దగ్గర పని నేర్చుకున్న తరం ఇది. వాళ్లలో చాలామంది సొంతంగా లేత్ పెట్టుకుని ఈ వాడల్లో స్థిరపడ్డారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. వాళ్లకు అది కొలత కాదు, మర్యాద.

అలాంటి పని పక్కనే ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు రగిలిపోతుంది. పాత జీపు ఛాసిస్ మీద ఫైబర్ తొడుగు వేసి, మారుతి ఇంజిన్ పెట్టి, ముందు ఎనిమిది కోణాల ఎంజీ బిళ్ల అతికించి 'వింటేజ్' అని అమ్ముతున్నారు. పెళ్లి ఊరేగింపులో దాని మీద వరుణ్ణి కూర్చోబెడితే నాకు అభ్యంతరం లేదు. దాన్ని అసలు కారని చెప్పి ఒక కుర్రాడి పొదుపంతా లాక్కోవడం దొంగతనం. నాకు తెలిసిన ఒక అబ్బాయి అలాగే మోసపోయాడు. గీకితే వేలెడు మందం పుట్టీ, దాని కింద డబ్బా రేకు. ఇంకా ఘోరం, అసలు కార్ల మీదే ఈ ఘాతుకం చేయడం. మంచి బి-సిరీస్ ఇంజిన్‌ను తూకానికి వేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించిన ఎంజీఏను కళ్లారా చూశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

చట్టం కూడా ఇప్పుడు ఉస్తాద్ పక్షానే ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉన్న సొంత వాడకపు బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తీయవచ్చు. కాబట్టి డబ్బు చేతులు మారకముందే ఇంజిన్, ఛాసిస్ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, బండి రిజిస్ట్రేషన్ పత్రాలతో సరిచూసుకోండి.

పందెం మోజున్నవాళ్లకు ఒక మాట. ఎంజీఏ 1500కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు డిస్కులు 1959లో 1600తో వచ్చాయి. శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాసు ట్రాక్ మీద నాలుగు చుట్లు గట్టిగా తోలితే డ్రమ్ములు కాగి పెడలు తేలిపోతుంది. పందేనికి 1600 చూసుకోండి. రోడ్డు మీద చల్లని పొద్దున శంకర్‌పల్లి వైపు షికారుకైతే 1500 చాలు.

ఏ కారు కొన్నా దానికి ఒక్క పీసు పని చేసిపెట్టే షెడ్డు కావాలి. అవే పోతున్నాయి. సీఎన్‌సీ వాళ్లు వెయ్యి పీసుల ఆర్డరు ఉంటేనే మాట్లాడతారు. షెడ్లున్న జాగాలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. మా ఉస్తాద్ షెడ్డు యజమాని కూడా దసరా లోపు ఖాళీ చేయమన్నాడు. ఏడడుగుల లేత్, డ్రిల్లింగ్ మిషన్, విప్పి ఉన్న ఒక స్పిట్‌ఫైర్, పని నేర్చుకుంటున్న ఇద్దరు ఐటీఐ పిల్లలు. ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి మధ్య ఎక్కడైనా మూడు ఫేజుల కరెంటున్న చిన్న జాగా మీ ఎరుకలో ఉంటే, ఆయన భరించగల అద్దెకు ఇప్పించండి.