తాళం ఎన్నింటికి వేస్తారు?

తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే దోస్త్ గడువుకు ఇంకా రెండు రోజులుందనగా ఎదురింటి అమ్మాయి వెబ్ ఆప్షన్ల కాగితం పట్టుకొచ్చింది. బైపీసీ చదివింది, బీజడ్‌సీ చేస్తానంటోంది. పదకొండు కాలేజీలు, ఆ వరుస నెట్ సెంటర్ అబ్బాయి వేసిచ్చింది. నాకు ఒళ్లు మండింది. పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఆమె మార్కులకు ఏది ముందు అందితే ఆ సీటే ఇస్తారు. మూడేళ్ల చదువును ఎవరో తొందరలో కొట్టిన వరుస తేల్చడమేమిటి? 2016లో దోస్త్ వచ్చాక కాలేజీల చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషమే. దాంతోపాటు కాలేజీని కళ్లతో చూడటమూ తప్పిపోయింది.

నా పాత పాట ఒకటే: ముందు ల్యాబ్ చూడండి, కాలేజీకి వచ్చిన న్యాక్ గ్రేడు తర్వాత. సింకులో తడి ఉందా? బ్యూరెట్ బిరడా తిరుగుతోందా?

నేను చదివిన కాలేజీలో సాల్ట్ అనాలిసిస్ రోజున కిప్స్ పరికరం నుంచి కుళ్లిన గుడ్ల కంపు వరండా దాకా కొట్టేది. నైట్రేట్ పరీక్షకు ద్రావణంలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పరీక్షనాళిక వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా జార్చాలి. చెయ్యి వణికితే అన్నీ కలిసిపోతాయి. నైట్రేట్ ఉంటే కనిపించాల్సిన ఉంగరం మూడు వారాలు నాకు రాలేదు. నాలుగో వారం అందరూ వెళ్లిపోయాక ల్యాబ్ అటెండరు నా మణికట్టు పట్టుకుని, "ఊపిరి బిగబట్టకు, వదులుతూ పొయ్యి" అన్నాడు. రెండు పొరల నడుమ గోధుమరంగు ఉంగరం తేలింది. కెమిస్ట్రీ నాదైంది ఆ సాయంత్రమే.

అందుకే జిల్లా కేంద్రంలో నేను స్వయంగా చూసొచ్చిన మంచి ల్యాబున్న కాలేజీని మొదటి ఆప్షన్‌గా రాయబోయాను.

"తాతా, ప్రాక్టికల్స్ ఎన్నింటికి అయిపోతయి?"

నాలుగున్నరకు. మా ఊరికి ఆఖరి బస్సు నాలుగింటికే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు చార్జీ లేదు, కానీ బస్సే లేకపోతే? హాస్టలుకు ఇంట్లో ఒప్పుకోరు.

"సగంల లేచి రావాలె ఇగ" అంది.

ఆ నాలుగో వారం అందరూ వెళ్లాక కూడా నేనెందుకు ఉండగలిగాను? మగపిల్లవాణ్ని, సైకిలుంది, చీకటి పడ్డా ఇంట్లో ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ ల్యాబ్ గురించి రాశాను. అందులో చివరిదాకా ఎవరు ఉండగలరో ఒక్కసారీ రాయలేదు.

పన్నెండు కిలోమీటర్ల దూరంలోని సర్కారు కాలేజీని పైకి జరిపాం. అటు ఏడింటిదాకా బస్సులున్నాయి. దాని ల్యాబ్ నేనింకా చూడలేదు. రేపు పొద్దున ఇద్దరం వెళ్తున్నాం. సింకు సంగతి తర్వాత, తాళం ఎన్నింటికి వేస్తారో ముందు అడుగుతాను.