పూలు పెట్టే చేతులు

దామెర్ల రామారావు నీటిరంగుల బొమ్మ ‘పుష్పాలంకరణ’ని ప్రింట్ తీసి గోడకి పెట్టుకోవాలనుకునే మిత్రులకి ఒక్క మాట: కత్తిరించకండి. ఎందుకో చెప్తాను.

రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. ఆస్వాల్డ్ కూల్‌డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్లో చదివాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చింది కూడా అదే ఏడాది. అందుకేనేమో ఈ బొమ్మలో సన్నటి ఒళ్లు, మెత్తటి రంగులు చూడగానే "ఓహో, భావకవిత్వానికి బొమ్మ కట్టాడు" అనేస్తాం.

నాకు అలా అనిపించదు. భావకవిత్వంలో ఆమె ఎక్కువగా ఒంటరిది. ఎక్కడో దూరంగా ఉంటుంది, ఆమె కోసం ఒక మగగొంతు పలవరిస్తుంటుంది. ఇక్కడ ఆ గొంతు లేదు. ఆడవాళ్లంతా చేరి ఒకామెని పూలతో ముస్తాబు చేస్తున్నారు. పేరులోనే ఉంది చూడండి: అలంకరణ. అందగత్తె గురించి కాదు, ఒకరికొకరు చేసుకునే పని గురించి. మన పెళ్లిళ్లలో పూలజడ వేసే గదిలోకి తొంగి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు.

మా నెల్లూరువాడు పఠాభి ఒప్పుకునేవాడు కాదనుకోండి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సు నడుం విరగ్గొట్టి, పట్నాన్ని కవిత్వంలోకి లాక్కొచ్చినాయన. ఈ ఆడవాళ్లది ఏ వీధి, ఏ సంవత్సరం అని అడిగేవాడేమో. న్యాయమైన ప్రశ్నే. వెంకటగిరి చీరల మధ్య పెరిగిన నా కళ్లకి కూడా ఈ బట్ట ఏ మగ్గం మీదిదో అందదు. బొంబాయి చూసొచ్చిన మనిషి ఆ బొంబాయిని ఇందులోకి రానివ్వలేదు. అది ఈ బొమ్మకున్న లోటే, దాచక్కర్లేదు.

ఇక ప్రింట్ సంగతి. నీటిరంగుల కాగితానికి ఎండా పడదు, తేమా పడదు. మైపాడు ఉప్పుగాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, ఇక కాగితం ఎంత? మాలాంటి ఇళ్లకి ప్రింటే దిక్కు. అందులో తప్పేం లేదు. కానీ స్క్రీన్ మీద శాచురేషన్ కాస్త పెంచితే చాలు, ఒక రంగు ఇంకో రంగులోకి జారే ఆ మెత్తదనం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం క్రాప్. ఫ్రేము సైజు కోసం ఒక్క ముఖాన్ని ఉంచి, పక్కవాళ్లని కోసేశామనుకోండి, పూలు మిగుల్తాయి, పెట్టే చేతులు పోతాయి. రామారావు నలుగురి మధ్య కూర్చోబెట్టిన మనిషిని మనం మళ్లీ ఒంటరి ప్రేయసిని చేసేస్తాం.

గోడ చిన్నదైతే బొమ్మనే చిన్నగా తీయించుకోండి. అందరూ ఉండాలి.