చూపే హక్కు, దాచే హక్కు

2008 జనవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కొండదారిన నడకకు వెళ్లిన 24 ఏళ్ల యువతి హత్యకు గురైంది. తల నరికిన ఆ నగ్న దేహాన్ని పోలీసులు సాక్ష్యం కోసం ఫొటోలు తీశారు. రెండేళ్ల తర్వాత 'హస్లర్' అనే అశ్లీల పత్రిక ప్రభుత్వ రికార్డులు పొందే హక్కు కింద ఆ ఫొటోలు అడిగింది. దర్యాప్తు సంస్థ ఇవ్వనంది. అదే ఏడాది, 2010లో, ఇలాంటి ఫొటోలు బయటికి పోకుండా జార్జియా చట్టం చేసింది.

అడిగింది వార్త కోసమేనట! ఆడవాళ్ల దేహాలను అమ్ముకు బతికే పుటల మధ్య పడ్డాక ఏ ఫొటో వార్తగా మిగులుతుంది? చంపినవాడి చేతిలో ఒకసారి, చూసేవాడి కళ్లలో మళ్లీ మళ్లీ ఆమె దేహం వస్తువే అవుతుంది. ఆ చట్టం అవసరమే.

అలాగని దాచడమే న్యాయమా? 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు ఎమెట్ టిల్ శవపేటికను తల్లి మేమీ టిల్ మూయనివ్వలేదు. ఛిద్రమైన కొడుకు ముఖాన్ని లోకానికి చూపింది. 'జెట్' పత్రిక ఆ ఫొటోలు అచ్చువేసింది. అక్కడ సిగ్గుపడాల్సింది చంపిన సమాజం. తేడా ఫొటోలో లేదు. ఎవరు, ఎవరికి, ఎందుకు చూపుతున్నారన్న దానిలో ఉంది.

మరి నిర్ణయించేదెవరు? జార్జియా చట్టం దగ్గరి బంధువుల అనుమతికీ, కోర్టు ఉత్తర్వుకీ చోటిచ్చింది. శవపరీక్ష ఫొటోల మీద ఫ్లోరిడా 2001లో చేసిన చట్టం మొదటి హక్కు జీవిత భాగస్వామికిచ్చింది. మనల్ని ఆపాల్సింది ఇక్కడే. 'స్టవ్ పేలి' చనిపోయిన కోడళ్ల సంగతి మనకు కొత్త కాదు. ఆ వంటింటి ఫొటోలే అత్తింటి కథ అబద్ధమని చెప్పొచ్చు. వాటికి తాళం భర్త చేతికిస్తే కాపాడేది ఎవరి గౌరవాన్ని? పరువు హత్యల్లో తండ్రి చేతికిస్తే?

అత్యాచారానికి గురై మరణించిన స్త్రీ పేరు బంధువులు ఒప్పుకున్నా వెల్లడించకూడదని, అవసరమైతే సెషన్స్ జడ్జి నిర్ణయించాలని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది నవంబరులో హైదరాబాదు శివార్లలో హత్యకు గురైన అమ్మాయిని 'దిశ' అని పిలవమని పోలీసులు చెప్పేసరికే అసలు పేరూ ఫొటోలూ సెల్‌ఫోన్లన్నిటికీ చేరిపోయాయి. అలా పంచుకున్నవాళ్లలో సానుభూతిపరులే ఎక్కువ!

నకళ్లు ఎవరికీ ఇవ్వొద్దు. కానీ కేసును ప్రశ్నించే లాయర్లకూ, స్త్రీల సంఘాలకూ, పరిశోధకులకూ కోర్టు సమక్షంలో చూసే దారి ఉండాలి. కుటుంబం మాట వినాలి, చివరి మాట మాత్రం దానిది కాకూడదు. చనిపోయిన స్త్రీకి మనం బాకీపడింది పరువు కాదు, న్యాయం.