మూత దగ్గర పదిహేను సెకన్లు

డయాలసిస్ మొదలైన అరగంటకు పేషెంటు "సలి పెడ్తాంది సిస్టర్, ఫ్యాన్ ఆపండి" అంటే నేను ముందు చూసేది ఆయన మెడ వైపు. మెడలో లైన్ (డయాలసిస్ కోసం నరంలోకి వేసిన గొట్టం) ఉన్న మనిషి మిషన్ ఎక్కాకే వణికాడంటే, గొట్టంలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిశాయేమోనని మొదట అనుమానించాలి.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలోని మా యూనిట్‌కు తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేవాళ్లలో రాయి చెక్కే ఆయన ఒకరున్నారు. ఓ వేసవిలో ఆయన డ్రెస్సింగ్ అంచు చెమటకు లేచిపోయి, కింద తెల్లటి రాతి పొడి పేరుకుంది. సూక్ష్మజీవులకు అదొక దారి: చర్మం మీదివి రంధ్రం దగ్గర గొట్టం బయటి అంచు పట్టుకుని లోపలికి దిగుతాయి. రెండో దారి మా చేతుల్లోనే ఉంది. మూత తీసి సిరంజి పెట్టిన ప్రతిసారీ క్రిములు గొట్టం లోపలికి వెళ్లే వీలుంటుంది. లైన్ పాతబడేకొద్దీ ఈ దారే ఎక్కువ ప్రమాదం. ఒకసారి చేరాయంటే నీళ్ల తొట్టిలో పాచిలా గోడకు అంటుకుంటాయి. ఆ జిగురు పొరలోకి యాంటీబయాటిక్ సరిగా దిగదు. అందుకే చాలాసార్లు లైనే తీసేయాల్సి వస్తుంది.

అందుకే చేతులు కడుక్కుని, నేనూ పేషెంటూ ఇద్దరం మాస్కు పెట్టుకున్నాకే లైన్ ముట్టుకుంటాను. గొట్టం కొసను మందుతో పదిహేను సెకన్లు రుద్ది, ఆరనిస్తాను. పక్క బెడ్డు మిషన్ మోగుతుంటే ఆ పదిహేను సెకన్లే బరువనిపిస్తాయి. తడి ఆరకముందే సిరంజి పెడితే రుద్దినదానికి ఫలితం ఉండదు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రోనోవోస్ట్ బృందం చేయించిందీ ఇలాంటి పనులే: చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అక్కర తీరిన లైన్ తీసేయడం. లైన్ ద్వారా రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రకటించారు. కొత్త మందేమీ వాడలేదు.

మెడ లైన్ ఉన్నవాళ్లకు నా మాట ఒకటే. డ్రెస్సింగ్ తడవనివ్వొద్దు. చలిజ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి రండి. మందు మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు పంపాలి. లైన్‌కు బదులుగా చేతికి ఫిస్టులా (ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) ఎప్పుడు వేస్తారో డాక్టరును ఈ వారమే అడగండి. అది పనికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లూ మీ మెడలో ఉండేది ఈ లైనే.