నాలుగే ‘తెలియదు’లు

జాన్ స్నో అనగానే లండన్ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు, దాని పిడి ఊడదీయించిన కథ గుర్తొస్తాయి. ఎపిడెమియాలజీలో థీసిస్ మొదలుపెట్టే పీజీ విద్యార్థులకు నేను మాత్రం ఆయన 1855 నాటి కలరా పుస్తకంలో వేరే పేజీలు తెరిచి చూపిస్తాను. అసలు పనితనం అక్కడుంది.

దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు పోటాపోటీగా ఒకే వీధుల్లో గొట్టాలు వేసి నీళ్లమ్మేవి. లాంబెత్ కంపెనీ 1852లో థేమ్స్ ఎగువకు, నగరం మురుగు చేరని చోటికి మారింది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే చోటే తోడుతూ ఉండిపోయింది. 1854లో కలరా విరుచుకుపడేసరికి మూడు లక్షల మంది, పేదా గొప్పా తేడా లేకుండా, తమకే తెలియకుండా రెండు జట్లుగా విడిపోయి ఉన్నారు. స్నో కన్ను దాన్ని పట్టింది.

మత్తుమందు ఇచ్చే తన ప్రాక్టీసు చూసుకుంటూనే, చనిపోయినవారి చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొంత భాగానికి ఇంకో వైద్యుడు తోడయ్యాడు. అడిగింది ఒకటే: ‘మీకు నీళ్లు ఏ కంపెనీవి?’ చాలామందికి తెలియదు. నీటి పన్ను కట్టేది ఇంటి ఓనరు మరి! మనమైతే ‘తెలియదు’ గడిలో టిక్కు పెట్టి పక్కింటికి పోతాం. స్నో చిన్న సీసాలో ఆ ఇంటి నీళ్లు పట్టుకున్నాడు. ఉప్పున్న నీళ్లలో సిల్వర్ నైట్రేట్ పడితే తెల్లగా విరుగుతుంది. గాలన్ లాంబెత్ నీళ్లలో ఉప్పు ఒక గ్రెయిన్ లోపే. రెండో కంపెనీ నీళ్లలో 37.9 గ్రెయిన్లు. తూచే పని లేదు, చూస్తే చాలు.

మొదటి నాలుగు వారాల్లో 334 చావులు. 286 సదర్క్ నీళ్ల ఇళ్లలో, 14 లాంబెత్ ఇళ్లలో. మిగతావి నదిలో ముంచుకున్నవారివి, బావులూ కాలువల నీళ్లు తాగినవారివి. తేలనివి నాలుగే.

ఏడు వారాలకు హారం కూడా చేరింది. సదర్క్‌కు 40,046 ఇళ్లు, 1,263 చావులు: పదివేల ఇళ్లకు 315. లాంబెత్‌కు 26,107 ఇళ్లు, 98 చావులు: 37. ఇళ్ల సంఖ్య పేటలవారీగా లేదన్నదే లోటు. 1856లో ఆ వివరం అందగానే లెక్క మళ్లీ కట్టాడు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని పిల్లలు నన్నడుగుతారు. నేను వాళ్లనడిగేది వేరు: మీ సర్వేలో ‘తెలియదు’ అన్నవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లారా?