స్టెప్నీ కవరు మీద నా పేరు

మా హిమాయత్‌నగర్‌లో వీధులకి పేర్ల కన్నా నంబర్లే ఎక్కువ. మా వీధికి నంబరుతో పాటు ఓ పాట కూడా ఉంది. రాత్రి పదకొండు దాటాక ఎదురింటి కుర్రాడు తన ఆల్టోని వెనక్కి తిప్పి గేట్లో పెడుతుంటే రివర్స్ హారన్ దేశభక్తి గీతం వాయిస్తుంది. లేచి నిలబడాలో, దుప్పటి ముసుగు తన్నాలో తేల్చుకునేలోపే కారు లోపలికి వెళ్లిపోతుంది.

పగలు చూస్తే ఆ కారు ఇంకా ముచ్చటగా ఉంటుంది. బానెట్ మీద గాలి పీల్చుకునే ముక్కులాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి. దాని కింద రేకుకి బెజ్జమే లేదు, టేపుతో అతికించారు. డిక్కీ మీద పెద్ద రెక్క. స్పాయిలర్ అంటారు దాన్ని. రేసు కారు దూసుకుపోయేటప్పుడు వెనక భాగం తేలిపోకుండా చూడటానికి పుట్టిన వస్తువు. సాయంత్రం ఆరింటికి మా వీధి నుంచి నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తా దాకా వెళ్లి చూడండి, కారు గాల్లోకి లేస్తుందన్న భయం ఎవరికీ కలగదు. పైగా ఆల్టోని లాగేవి ముందు చక్రాలు. వెనక అదిమి ఒరిగేదేమీ లేదు. ఈ ముక్కే కుర్రాడికి చెప్పాను.

"తెలుసంకుల్. కానీ లుక్కుంటది కదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నా చరిత్ర కూడా అంత శుభ్రమైనదేం కాదు.

ఎనభైల్లో మా నాన్న బజాజ్ చేతక్ కొన్నాడు. పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి. వచ్చిన వారానికే సీటుకి ఎర్ర రెగ్జిన్, అంచుకి కుచ్చులు, చుట్టూ స్టీలు గార్డు, వెనక స్టెప్నీకి నల్ల కవరు పడ్డాయి. ఆ కవరు మీద సైన్‌బోర్డులు రాసే పెయింటరు చేత పసుపు రంగులో గుండ్రంగా నా పేరూ చెల్లి పేరూ రాయించాడు. మధ్యలో ఒక హంస. స్కూలు గేటు ముందు దిగితే క్లాసు పిల్లలంతా పైకి చదివేవాళ్లు. సందు చివర్లోనే దించెయ్యమని బతిమాలేవాణ్ణి. "పేరు రాయించింది ఎవరూ చదవకుండా ఉండటానికా?" అనేవాడు నాన్న.

తొంభైల చివర్లో నేను సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్నాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు 1986లో ఒకసారి ఒళ్లు మార్చుకుంది, ఆ తర్వాత 2014లో తయారీ ఆగేదాకా దాదాపు అదే ఆకారం. అప్పట్లో మా వీధిలో తెల్ల మారుతులు నాలుగుండేవి. ఓ రోజు తొందరలో కారు తలుపులో తాళం దూర్చి కుస్తీ పడుతుంటే, పైన బాల్కనీలోంచి పక్కింటాయన, "మీది ఆ అవతలదండీ" అన్నాడు. మర్నాడే తల ఊపే కుక్కబొమ్మ కొన్నాను. ఆ తర్వాత స్టీరింగుకి బొచ్చు కవరు, అద్దాలకి నల్ల ఫిల్మ్, వెనక సీటు మీద నా తల కన్నా పెద్ద స్పీకర్లు. ఫ్యాక్టరీ లక్షల్లో అచ్చు గుద్దిన డబ్బాని నా డబ్బా చేసుకోవడానికి నాకు తెలిసిన విద్య అదే. సంక్రాంతికి ఎద్దు కొమ్ములకి రంగు పూసి మువ్వలు కట్టిన చేతులు మరి, ఊరికే ఎలా ఉంటాయి?

ఈ విద్యలో మన నగరానికి పెద్ద దిక్కు కన్యాబోయిన సుధాకర్. జూపార్కుకి దగ్గర్లో, బహదూర్‌పురాలో ఉన్న సుధా కార్స్ మ్యూజియం ఆయనదే. 2010లో తెరిచారు. వంకాయ కారు, లిప్‌స్టిక్ కారు, ఎత్తుమడమ చెప్పు కారు, బర్గర్ కారు, ఆఖరికి కమోడ్ కారు కూడా. చాలావరకు తుక్కు సామానుతో కట్టినవి, పైగా నడిచేవి. 2005 జూలై 1న ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌లోకెక్కాడు. అభిరుచి అన్న మాట ఎత్తితే ఆ కార్ల ముందు మా ఆల్టో వేమన పద్యమంత పొదుపు. అయినా నా ఓటు వంకాయకే. అది తనని వంకాయననే చెప్పుకుంటుంది. ఆల్టో మాత్రం ఫెరారీ వేషం కట్టి, సిగ్నల్ దగ్గర స్కూటీ పక్కన నిలబడి దొరికిపోతుంది.

వేషం అన్నాక రాజుల సంగతీ చెప్పాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరిచ్చాడు, కారు చేతికి రాకముందే ఆ ఏడాదే కన్నుమూశాడు. లోపల వెనకవైపు సీటు కాదు, సింహాసనంలా ఎత్తైన ఆసనం. రాజు చేయిస్తే అది టిక్కెట్టు కొనుక్కుని చూసే వారసత్వం. మా గల్లీ ఆటోవాలా సీటు వెనక అద్దాలు, మఖ్‌మల్, రంగు లైట్లు పెట్టిస్తే అది లేకితనం. ఈ తేడా నాకెప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు.

అలాగని అన్నింటినీ ముద్దుచేయలేను. కొత్త సినిమా విడుదల రోజు చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వెళ్లే బైకుల సైలెన్సర్లు తుపాకుల్లా పేలుతుంటే, అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు ఏం పాపం చేశారు? ఎదుటివాడి కళ్లు చీకట్లు కమ్మేలా కొట్టే తెల్ల లైట్లూ అంతే. బుల్‌బార్ ఇంకా మోసకారి, కాపాడేదానిలా కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బని తను మింగాలి, సెన్సర్లు దాన్ని పసిగట్టి ఎయిర్‌బ్యాగులు తెరవాలి. ఆ ఇనుప కమ్మీ దెబ్బని నేరుగా ఛాసిస్‌కి చేరవేసి ఈ లెక్కంతా తప్పిస్తుంది. అందుకే 2017 డిసెంబరులో కేంద్రం వాటిని ఒప్పుకోవద్దని రాష్ట్రాలకి రాసింది. నల్ల ఫిల్ములకి 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మంగళం పాడింది. నా మారుతి ఫిల్ముని ఆ మే ఎండలో వేడినీళ్లతో, గోళ్లతో గీకింది నేనే. జిగురు మరకలు కారు అమ్మేదాకా పోలేదు.

వెనక అద్దం మీద కులం పేర్ల స్టిక్కర్ల గురించి ఒక్క మాటే: పేరు చివర కత్తిరించిన తోకని తెచ్చి కారుకి తగిలిస్తున్నారు.

పోయిన నెల కొత్త కారుకి సీటు కవర్లు వేయిద్దామని కార్ డెకార్ షాపుకి వెళ్లాను. కుర్రాడు కారు చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు.

"సార్, గ్రిల్లుకి క్రోమ్ ఏద్దామా? జర రిచ్ లుక్ వస్తది."

వద్దన్నాను. కింద నీలం లైట్లు కూడా వద్దన్నాను. స్టెప్నీ ఎక్కడుందని డిక్కీ తెరిచి చూశాను. కార్పెట్ కింద, చీకట్లో, బోర్లా పడుకుని ఉంది. దాని మీద పేరు రాయిస్తే చదివేవాడు పంక్చర్ షాపువాడొక్కడే.

"పోనీ రివర్స్ హారన్?"

"కెమెరా ఉంది కదయ్యా."

"కెమెరా మీకు సార్. ఎనక నిలబడ్డోళ్లకి ఎట్ల తెలుస్తది?"

ఏమేం పాటలున్నాయని అడిగాను.